కొంగగారు గీసిన కాలిబాట

అనగనగా ఒక అడవిలో దున్నలు పరుగులు తీసే దారి ఒకటుండేది. ఆ దారికి ఈ కొసన తాబేలు సోమక్క, ఆ కొసన ఆమె చెల్లెలు. తొక్కేస్తాయన్న భయంతో సోమక్క చెల్లెలిని చూడక మూడు వానాకాలాలు గడిచాయి.

అందుకే దారి పక్కన కాలిబాట వేద్దామని సభ పెట్టినప్పుడు సోమక్క అందరికన్నా ముందు బయలుదేరి, అందరికన్నా చివర చేరింది. అప్పటికే కొంగగారు గాల్లో ఒక్క చక్కరు కొట్టి ప్లాను గీసేశారు.

"ఎవరింటి ముందు ముక్క వాళ్లే రాళ్లు తెచ్చి వేసుకోండి. అన్నీ కలిస్తే బాటే," అన్నారు.

"మరి ఇళ్లు లేని చోట?" అంది సోమక్క.

"ఇల్లే లేకపోతే నడిచేదెవరు సోమక్కా?" అంది కుందేలు. సభంతా నవ్వింది. రాళ్లు మోసే తొందరలో సోమక్కా నవ్వేసింది.

బాట పూర్తయిన రోజున సోమక్క పొద్దున్నే నడక మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ఇళ్లు లేని చోట ఆగిపోయింది. ముందంతా దున్నలు తొక్కిన బురద. దానికి అవతల, బాట అంచున, చెల్లెలు నిలబడి ఉంది.

"చిక్కిపోయావే," అంది సోమక్క.

"డిప్పలో నీకేం కనబడిందక్కా?"

ఇద్దరూ నవ్వారు. మధ్యలోంచి దున్నల మంద పోయింది. గిట్టల చప్పుడు అణిగేదాకా ఇద్దరూ మెడలు చాచే ఉన్నారు.

"అక్కాచెల్లెళ్లను కలిపేశాను చూశారా," అంటూ కొంగగారు పైనుంచి వెళ్లారు. ఆయన నీడ ఆ బురదను రెప్పపాటులో దాటేసింది. ఇద్దరూ దానివంకే చూస్తూ ఉండిపోయారు.