మళ్ళీ ఎర్రబడాలి

నీలం ద్రావణం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.

డాక్టరు గాజునాళికను మంట మీంచి తీసి, తల అడ్డంగా ఊపాడు.

"మూత్రంలో చక్కెర ఉందమ్మా. షుగరు జబ్బున్నవాళ్ళను తీసుకోవద్దని ఫ్యాక్టరీ రూలు."

ఎదురుగా నిలబడ్డ బాలింత నాళిక వంక నమ్మలేనట్టు చూసింది. పంచదార ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు ఉద్యోగం. ఇంటర్వ్యూలో నెగ్గింది, ఇక మిగిలింది ఈ ఆరోగ్యపరీక్షే. భర్తకు పని పోయింది. ఈ ఉద్యోగం రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

"రక్తం పరీక్ష చేయండి సార్!"

"పట్నం పంపాలి. వారం పడుతుంది. నా రిపోర్టు ఈ సాయంత్రానికే వెళ్ళాలి."

చదివిన కెమిస్ట్రీ అంతా ఆ క్షణాన ఆవిరైపోయింది పాపం. వరండాలో భర్త చేతుల్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని బాలింత గుండెల దగ్గర బట్ట తడిసింది.

తన పరీక్ష వంతు కోసం గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్న కళ్ళజోడావిడ అది చూసింది. పొద్దుట్నుంచీ ఎవరితోనూ పలకని మనిషి దిగ్గున లేచింది.

"పాలిస్తున్నావా అమ్మాయ్?"

"అవునండీ."

"అయితే ఇది జబ్బు కాకపోవచ్చు! డాక్టరుగారూ, గ్లూకోజ్ ఒక్కటేనా ఈ ద్రావణాన్ని ఎర్రబరిచేది? పాలల్లో ఉండే లాక్టోజ్ కూడా ఎర్రబరుస్తుంది. బాలింతల మూత్రంలో అది దిగుతుంది కదా!"

డాక్టరు ఆవిడ వంక వింతగా చూశాడు.

"ఆలోచించే మాట్లాడుతున్నారా మీరు?"

"ఆలోచించేనండీ."

"సరే, ఏ చక్కెరో ఎలా తేల్చడం?"

"ఈస్ట్ కలపండి. గ్లూకోజైతే తినేస్తుంది, లాక్టోజ్‌ని ముట్టుకోదు. తర్వాత నీలం ద్రావణంతో మళ్ళీ కాయండి. నీలంగానే ఉంటే జబ్బు, ఎర్రబడితే పాలు."

"ఇప్పటికిప్పుడు ఈస్ట్ ఎక్కణ్ణుంచి తేను?"

ఆవిడ అప్పటికే వీధిలో ఉంది. మలుపులోని బేకరీ నుంచి పొట్లం పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

మూత్రంలో ఈస్ట్ కలిపించి, పక్కనే ఇంకో నాళికలో గ్లూకోజ్ నీళ్ళు పోయించి అందులోనూ కలిపించింది.

"అదెందుకండీ?" అన్నాడు బిడ్డతో గుమ్మంలోకొచ్చిన భర్త.

"ఈస్ట్‌కు ఆకలుందో లేదో తెలియొద్దూ?"

రెండింటినీ గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టారు. మధ్యాహ్నం దాటాక వడకట్టి, నీలం ద్రావణం పోసి కాచారు.

గ్లూకోజ్ నాళిక నీలంగానే ఉండిపోయింది. ఈస్ట్ శుభ్రంగా భోంచేసింది.

ఇక బాలింతది. పొద్దున ఏ రంగు చూసి బెంబేలెత్తిందో, ఇప్పుడా రంగు కోసమే కళ్ళు మూసుకుని మొక్కుకుంది.

ఆకుపచ్చ. పసుపు. ఎరుపు!

"ఎర్రబడిందోయ్!" బాలింత కళ్ళు తెరిచేలోపే కళ్ళజోడావిడ చిన్నపిల్లలా గెంతింది.

"ఫిట్!" డాక్టరు సంతకం గీకాడు. "వెళ్ళి ఉద్యోగంలో చేరు తల్లీ."

బాలింత బిడ్డను ఎత్తుకుని ముద్దులతో ముంచెత్తింది. నవ్వూ ఏడుపూ కలగలిసిపోయాయి. తేరుకుని చూసేసరికి కళ్ళజోడావిడ లేదు.

"అయ్యో, ఒక్క కృతజ్ఞత మాటైనా చెప్పుకోనేలేదు! పరీక్ష చేయించుకోకుండానే వెళ్ళిపోయారేంటండీ?"

"ఆవిడకిక పరీక్షెందుకమ్మా," అన్నాడు డాక్టరు. "నువ్వీ పరీక్ష తప్పితే నీ బదులు ఈ ఉద్యోగం ఇవ్వడానికని పిలిపించిన రెండో మనిషి ఆవిడే."