ఎడమకి లాగే కారు

“ఈ కారుని ఎవరూ ముట్టుకోవద్దు,” అన్నాడు టైలరు, కారు కింద నుంచి. బయటికి కనిపిస్తున్నవి ఆయన కాళ్ళు మాత్రమే.

తెల్లారితే కూతురికి డ్రైవింగ్ పరీక్ష. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కారు ఎడమ గీత దాటిందని ఇన్‌స్పెక్టరు ఇంటికి పంపేశాడు. ఈసారి కూడా తప్పితే వ్యాను డ్రైవరు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్ళు తేల్చి చెప్పేశారు. సోమవారం చేరాలి.

“వదిలెయ్ నాన్నా. ఇప్పుడు పరవాలేదు, రోజూ నడుపుతూనే ఉన్నాగా,” అంది కూతురు.

“పక్కకి లాగే కారుతో పరవాలేదేంటమ్మా? నువ్వు చెప్పి నాలుగు నెలలైంది. తప్పు నాదే.”

తప్పు ఆయనదే. చొక్కాలు కుట్టించుకునే వాళ్ళందరికీ చెప్పినట్టే కన్నకూతురికీ నాలుగు నెలలపాటు ‘రేపు’ అనే చెప్పుకొచ్చాడు. గడువు పీకల మీదికొస్తే తప్ప ఆయన చెయ్యి కదలదు. కదిలిందంటే మాత్రం పనికి వంక పెట్టలేం.

కారుకి అటు రెండు, ఇటు రెండు కుర్చీలు వేసి, చక్రాల ఎత్తున ఎర్రదారం బిగించి కట్టాడు. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క. భార్య లోపల కూర్చుని స్టీరింగు తిన్నగా పట్టుకుంది.

“ఏమండీ, ఇంకెంతసేపు? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను.”

“కదలకు. ఎడమ చక్రం ముందంచు దారానికి దగ్గరగా ఉంది, వెనకంచు దూరంగా ఉంది. తేడా మూడు మిల్లీమీటర్లు.”

“మూడు మిల్లీమీటర్లకేనా పొద్దుట్నుంచీ ఈ హడావిడి?”

“మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే చొక్కా కాలరే పక్కకి తిరిగిపోతుంది. కారు తిరగదా?”

పాలు పొంగిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

చక్రాన్ని స్టీరింగుకి కలిపే కడ్డీ మీద ముందుగా సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. నట్టు వదులు చేసి కడ్డీని కొంచెం తిప్పాడు. కారుని ముందుకీ వెనక్కీ తోసి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ తిప్పాడు. సాయంత్రానికి ముందంచూ వెనకంచూ ఒకే లెక్కకొచ్చాయి. వీధి చివరిదాకా నడిపి, మధ్యలో స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. కారు గీత గీసినట్టు వెళ్ళింది.

“నేనూ ఒకసారి నడిపి చూస్తా,” అంది కూతురు.

“పరీక్షకి ముందు వద్దు. సెట్టింగు చెదిరిపోతుంది.”

“జాకెట్టుకైనా ట్రయల్ చూస్తారు కదండీ,” అంది భార్య.

“కొలత సరిగ్గా ఉంటే ట్రయలెందుకు?” అని ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పొద్దున్నే తనే నడుపుకుంటూ కూతుర్ని పరీక్ష మైదానానికి తీసుకెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. టైలరు కంచె పట్టుకుని, నిశ్చింతగా నిలబడ్డాడు. రెండు నిమిషాల్లో కారు వెనక్కి వచ్చింది. దిగిన కూతురి మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మళ్ళీ ఎడమ గీతేనా?”

“కుడి గీత.”

“కుడి గీతా? దారం పెట్టి కొలిచానమ్మా. వెంట్రుకవాసి తేడా కూడా లేదు.”

“కారులో లేదు నాన్నా, నా చేతుల్లో ఉంది. నాలుగు నెలల నుంచీ అది ఎడమకి లాగుతుంటే నేను కుడికి పట్టి నడుపుతున్నా. చేతులకి అదే అలవాటైపోయింది. వదిలెయ్ అంటే విన్నావా?”

కూతురి ఉద్యోగాన్ని తన చేతులతోనే కత్తిరించి పారేశానని టైలరుకి అప్పుడు అర్థమైంది.

ఇన్‌స్పెక్టరుకి ఏమనిపించిందో, “అందరివీ అయ్యాక పన్నెండింటికి ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే నేనేం చెయ్యలేను,” అన్నాడు.

టైలరు సంచిలోంచి పానా తీసి, ఇస్త్రీ చొక్కాతోనే కారు కిందికి దూరాడు. పదకొండింటికల్లా కడ్డీ మళ్ళీ పాత సుద్దగుర్తు దగ్గరికి వచ్చేసింది. బుద్ధి తెలిశాక ఆయన గడువుకి ముందే పని పూర్తిచెయ్యడం అదే మొదలు.

పన్నెండున్నరకి ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు. “చెయ్యి బాగా కుదిరిందమ్మా. కారే కాస్త ఎడమకి లాగుతున్నట్టుంది. ఎవరైనా మంచి మెకానిక్‌కి చూపించండి.”

“రేపే చూపిస్తానండీ,” అన్నాడు టైలరు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కూతురే నడిపింది. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. తండ్రి మాత్రం పానా ఒళ్ళో పెట్టుకుని ఏదో లెక్క వేసుకుంటున్నాడు. ఇల్లు దగ్గరపడ్డాక నెమ్మదిగా అడిగాడు.

“అవునమ్మా, ఆ ఆసుపత్రి వ్యాను ఎటు లాగుతుందో కనుక్కున్నావా?”