ముక్కాయన బూర

"ఇవాళ్టి నుంచి మీ బూర మూలన పెట్టండి," అంది పక్కింటి బీషియా, గుమ్మం అవతలే నిలబడి.

వెండెలిన్ తడి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

పేరు వెండెలినే గానీ, తైవాన్ కొండల్లోని ఆ తేయాకు ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు. ముక్కు పొడుగు కాబట్టి ముక్కాయన. అంతే.

పుట్టింది ఆస్ట్రియాలో. కొండల మీద రోప్‌వేలు కట్టడం ఆయన పని. చిలీలో కట్టాడు, అల్జీరియాలో కట్టాడు, ఆస్ట్రేలియాలోనూ కట్టాడు. ఆఖరికి ఇక్కడ కట్టి, ఇక కదలనని కూర్చున్నాడు. తీరికవేళ చెక్కగుర్రాలు చెక్కేవాడు. పిండిముద్దలో పండు దాచి, ఉండలు ఉడికించి వీధంతా పంచేవాడు. వీధి మొహమాటానికి తీసుకుని కుక్కలకు పెట్టేది.

టీకి కూర్చుంటే ఒకటే గొప్ప. ఎన్నో దేశాల్లో ఎంతోమందిని కొండెక్కించాను, పొద్దుగూకాక ఒక్కర్నీ పైన వదిలి రాలేదు అనేవాడు.

అబ్బో, అనుకునేవాళ్ళు విన్నవాళ్ళు.

ఇవన్నీ ఎలాగో భరించొచ్చు. భరించలేనిది ఆ బూర. మనిషికంటే పొడుగు చెక్కబూర. రోజూ పొగమంచు దిగేవేళ పెరట్లో నిలబడి, దూడ తప్పిపోయిన ఆవు అరిచినట్టు ఊదేవాడు. తాగి ఊదుతున్నాడని కొందరు, పోయిన పెళ్ళాం గుర్తొచ్చి ఊదుతున్నాడని కొందరు.

"ఏడో నెల వచ్చింది," అంది బీషియా. "చచ్చినవాళ్ళు తిరిగే నెల. పొద్దుగూకాక మేం ఈల కూడా వేయం. పేరు పెట్టి మనిషిని పిలవం. మీరేమో ఊరంతా దద్దరిల్లేలా ఊదుతారు. పిలిస్తే అవి రావూ?"

"ఒక్కసారి, మెల్లగా ఊదితే?"

"వద్దంటే వద్దు."

ఆమె భయం ఆమెది. భర్త మావోచువాన్ కొన్నాళ్ళుగా మనిషిలో మనిషి కాడు. చెప్పుల కోసం బియ్యం డబ్బాలో వెతుకుతున్నాడు. బూరకు వచ్చిందేదో ఆయన్ని పట్టుకుందని ఆమె గట్టి నమ్మకం. నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేదు. రోజూ సాయంత్రం తోటవైపు నడకకెళ్ళి బుద్ధిగా తిరిగొస్తున్నాడు, అదే పదివేలు అనుకునేది.

వెండెలిన్ ఏదో చెప్పబోయి మానుకున్నాడు. పక్క గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న మావోచువాన్ వైపు చూశాడు.

"అయితే ఈ నెల మీ ఆయన్ని కొండకు పంపకండమ్మా."

బీషియా మొహం భగ్గుమంది. ఈయనకు తెలిసిపోయిందా?

"మా ఆయనకేం? దివ్యంగా ఉన్నాడు. మీ సంగతి మీరు చూసుకోండి."

వెండెలిన్ తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పొగమంచు దిగింది. బూర మోగలేదు. వీధంతా హమ్మయ్య అనుకుంది.

అన్నం చల్లారింది. మావోచువాన్ రాలేదు.

బీషియా గుమ్మంలో నిలబడింది. పేరు పెట్టి పిలుద్దామంటే ఈ నెలలో నోరు రాదు. పక్కవాళ్ళను అడుగుదామంటే ఇన్నాళ్ళూ దాచింది బయటపడుతుంది. ఏం చెయ్యాలో తోచక అక్కడే గుడ్లనీళ్ళు కుక్కుకుంది.

వెండెలిన్ టార్చిలైటుతో వచ్చాడు.

"వచ్చాడా?"

"వచ్చాడు. పడుకున్నాడు," అంది బీషియా.

బూట్లు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. వెండెలిన్ అటు చూశాడు. ఆమె మొహం చూడకుండా కొండవైపు వెళ్ళిపోయాడు.

కాసేపటికి కొండమీద నుంచి కేక వినిపించింది.

"మావోచువాన్!"

వీధిలో కిటికీలు టపటపా మూసుకున్నాయి. మళ్ళీ కేక. మళ్ళీ. మొగుడి పేరు అలా చీకట్లోకి పోతుంటే బీషియా చెవులు మూసుకుంది. తలుపు వేసుకుని, ఊదువత్తి వెలిగించి, ఆ గొంతు ఆగిపోవాలని దణ్ణం పెట్టుకుంది.

ఆగిపోయింది.

పొద్దున ఆకు కోయడానికెళ్ళినవాళ్ళకు తోటలోని గుడిసెలో మావోచువాన్ క్షేమంగా కనిపించాడు. ఒంటిమీద వెండెలిన్ కోటు. మనుషుల్ని పిలుచుకురావడానికి కాబోలు, వెండెలిన్ కిందికి బయల్దేరాడు. సగం దారిలో, రాతికి ఆనుకుని కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

వీధి మాట వేరు. ఎవరు పిలవమన్నారు ఆయన్ని, ఇన్నాళ్ళూ పిలిచాడు, వచ్చి పట్టుకెళ్ళాయి అన్నారు. బీషియా కూడా అవునంది. అంది గానీ, 'పడుకున్నాడు' అన్న తన మాట రోజూ గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ నెల గడిచింది. మొగుడు బయటికి పోకుండా తలుపుకు గొళ్ళెం పెట్టే ఉంచింది. ఒక సాయంత్రం మరిచిపోయింది. చూసేసరికి ఆయన లేడు.

ఈసారి పేరు పెట్టి గట్టిగా అరుచుకుంటూ పరిగెత్తింది. తోట దగ్గర దారి రెండుగా చీలేచోట మావోచువాన్ నిలబడి ఉన్నాడు. పొగమంచులోకి చెవి ఒగ్గి వింటున్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా? పద ఇంటికి," అంటూ చెయ్యి పట్టుకుంది.

కదల్లేదు.

"ఉండు. ఆయన ఇంకా ఊదలేదు."

"ఎవరు?"

"ముక్కాయన. నాకు దారి గుర్తుండట్లేదని ఆయనకొక్కడికే చెప్పుకున్నాను. నీకు తెలిస్తే బెంగ పెట్టుకుంటావని, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

బీషియా చెయ్యి జారిపోయింది.

మావోచువాన్ నవ్వాడు.

"బూర ఎటు వినిపిస్తే అటే మన ఇల్లు."