సగం సకినం

రవితేజ నోటీసు కాగితాన్ని తల్లి ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. మరిపెడలోని వాళ్ల పిండివంటల దుకాణం రాజమణి పేరు మీదే ఉంది. ఆమె సంతకం పడితే 'గార్ల సాయి' అనే పేరుతో ఫోన్లో ఆ దుకాణం మీద చెడ్డగా రాసినవాడు క్షమాపణ అయినా చెప్పాలి, మానుకోట కోర్టు మెట్లయినా ఎక్కాలి. వాడెవడో, ఎక్కడుంటాడో వకీలు తవ్వి తీస్తాడట.

సాయి చేసిన నేరమల్లా దుకాణానికి ఐదింట ఒక్క చుక్క ఇచ్చి, నాలుగు ముక్కలు రాయడం. రాజమణి వాటిని కొడుకు చేత మళ్లీ చదివించుకుంది.

"సకినాలు మిషన్‌తోని చేస్తున్నరు. చూస్తానికి మంచిగనే ఉన్నయి, తింటే ఏం లేదు. ఆ అమ్మ చేతి సకినాలు ఏడికి పోయినయి?"

అమ్మకు చేతులు నొస్తాయని రవితేజ ప్రేమగానే తెచ్చాడు మిషన్. అది వచ్చిన ఈ ఆరు నెలలూ తెల్లారితే ఏం చేయాలో రాజమణికి తోచడం లేదు. వేళ్లు ఊరికే కొంగు అంచును తిప్పుతుంటాయి. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాడెవడో తన చేతిని గుర్తుపెట్టుకున్నాడంటే ఆమెకు కళ్లు చెమర్చాయి. అలాంటివాణ్ని కోర్టుకు ఈడ్వడానికి మనసెలా ఒప్పుతుంది?

"జర ఆగు బిడ్డా. రేపు నేనే చేస్త. వచ్చి తీస్కపొమ్మని రాయి. తిన్నంక గూడ గట్లనే అంటే సంతకం పెడ్త."

"చేతులు నొస్తయమ్మా."

"ఊకె కూసుంటే నొస్తలేవా?"

గల్లాపెట్టె దగ్గరున్న ఆమె భర్త గోపాల్ లేచి వెళ్లి అటక మీది నువ్వుల డబ్బా దించిపెట్టాడు.

తెల్లవారి రాజమణి తడిబట్ట పరుచుకుని కూర్చుంది. మొదటి రెండు సకినాలూ వంకరపోయాయి. మూడోదానికి వేళ్లకు దారి దొరికింది. ఇక ఆగితే ఒట్టు.

మొదటి వాయిలోంచి ఒకటి తీసి, పాత అలవాటు కొద్దీ రెండు ముక్కలు చేసింది. సగం తనకు, సగం గోపాల్‌కు. ముప్పై ఏళ్లుగా ఆయన తల ఊపితేనే సరుకు దుకాణంలోకి వెళ్లేది. మిషన్ వచ్చాక ఆ ముచ్చటా పోయింది. గోపాల్ చాలాసేపు నమిలి, తల ఊపాడు.

రవితేజ ఒకటి తీసుకోబోతే ఆమె చేతి మీద చిన్నగా కొట్టింది. సాయి వచ్చేదాకా ఎవరికీ లేదంది. చేసినవన్నీ పొట్లం కట్టి, దారంతో బిగించి, గల్లాపెట్టె పక్కన పెట్టింది.

మధ్యాహ్నం దాటింది. బండి ఆగిన చప్పుడైన ప్రతిసారీ రాజమణి మెడ చాచి చూసింది. సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. ఎవరూ పొట్లం అడగలేదు. ఆమె మొహం చిన్నబోయింది.

పొద్దు గూకే వేళకు రవితేజ ఫోన్ పట్టుకుని లోపలికొచ్చాడు. సాయి పాత రాత తీసేశాడని, ఐదు చుక్కలూ ఇచ్చాడని చెప్పి, గట్టిగా చదివాడు.

"ఇయ్యాల మళ్ల ఆ అమ్మ చేతి సకినం తిన్న. పాణం లేచొచ్చింది. వాము ఒక్క పిసరు ఎక్కువైంది, గంతే. మిషన్ మూలకు పెట్టుండ్రి."

రవితేజ నవ్వుతూ నోటీసును చింపేశాడు. వాడు ఎప్పుడొచ్చి తీసుకుపోయాడని తల్లిని అడిగాడు. జవాబు కోసం ఆగకుండానే, బయట ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

రాజమణి గల్లాపెట్టె వైపు చూసింది. పొట్లం అక్కడే ఉంది. కట్టిన దారం కట్టినట్టే ఉంది. దాని పక్కన గోపాల్ తల వంచుకుని, దుమ్మే లేని తక్కెడను తుడుస్తున్నాడు.

ఆమె దగ్గరికెళ్లి, కొడుక్కి వినపడకుండా మెల్లగా అంది. "వాము ఎక్కువైతే పొద్దుగాల్నే చెప్పాలె గదా."