స్నో సీసా, సున్నిపిండి

మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని బద్రీనాథ్ కొట్టిన దెబ్బకు భార్య శకుంతల గోడకు గుద్దుకుంది. కొట్టిన చేత్తోనే అతను జేబులోంచి స్నో సీసా తీశాడు.

"మీ నాయన స్టేషన్ల దిగిండట. నా వేళ్ల గుర్తులు కనబడకుంట మందంగ రాయి."

"గది రాస్తే మొకం మండుతది. ఇంట్ల ఇసిరిన సున్నిపిండి చాలు నాకు."

రెండో చెంప కూడా పేలింది. ఇక బుద్ధిగా రాసుకుంది. ముఖం సున్నం కొట్టిన గోడలా తయారైంది.

అంతలో అత్త రాజేశ్వరి సున్నిపిండి గిన్నెతో వచ్చి, కోడలికి నలుగు పెట్టి, స్నో అంతా పోయేదాకా కడిగింది. ఎర్రటి వేళ్లు తేలాయి.

"అమ్మా! ఏం జేస్తున్నవ్?"

"మీ నాయన నాకు గూడ స్నో తెచ్చేటోడురా," అంది రాజేశ్వరి, కోడలి చెయ్యి పట్టుకుని వియ్యంకుడికి ఎదురు నడుస్తూ. "మా అన్న ఎన్నిసార్లొచ్చినా, చెల్లె తెల్లబడ్డదని మురిసిపొయ్యేటోడు."