చేదు తగ్గిన మాత్ర

ముత్తురాజ్ అరచేతిలో చిన్న తెల్ల మాత్ర, రెండో చేతిలో నీళ్ల గ్లాసు.

నాలుగేళ్లుగా రోజూ అన్నం తినగానే జెబ ముందుకొచ్చే చెయ్యి అది. ఆమె మింగేదాకా మొగుడు కదిలేవాడు కాదు. "మింగినావా? ఏదీ, ఆ అను" అని నోరు తెరిపించి మరీ చూసేవాడు. చంటిపిల్లని చేశావు నన్ను అని జెబ విసుక్కునేది గానీ, లోలోపల మురిసిపోయేది.

ఈ ఏర్పాటు పెళ్లయిన కొత్తలో వచ్చింది. ఫిట్స్ మాత్ర వేసుకున్న సంగతి మరిచిపోయి జెబ ఒకరోజు రెండోసారి కూడా వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎంత కుదిపినా లేవలేదు.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది. ఇది జ్వరం బిళ్ల కాదు, ఎక్కువైనా ప్రాణం మీదికొస్తుంది, ఉన్నట్టుండి ఆపేసినా అంతే, ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి ఇవ్వాలి అంది. ఆ ఒకరు నేనే అని ముత్తురాజ్ మాత్రల అట్ట తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రెండేళ్లు ఒక్క ఫిట్టూ రాకుంటే తనే నెలనెలా కొంచెం కొంచెంగా మందు తగ్గిస్తానని కూడా డాక్టరమ్మ మాటిచ్చింది. బిడ్డ సంగతి ఆ తర్వాత చూద్దామంది.

జెబ చెన్నై పురసవాక్కంలో ఒక చీరల కొట్టు మేడమీద ఫాల్స్ కుడుతుంది. తన మిషనుకు ఒక ఎర్ర దారం కట్టుకుంది. ఫిట్ రాకుండా నెల గడిస్తే దానికో ముడి. ఇరవై రెండు ముళ్లు పడ్డాయి. ఇంకా రెండే.

ఈ మధ్య మాత్ర చేదు తగ్గింది. అడిగితే, మెడికల్ షాపువాడు వేరే కంపెనీది ఇచ్చాడన్నాడు ముత్తురాజ్. అలాగే కాబోలు అనుకుంది. నిద్ర సరిగా పట్టడం లేదు. సూదిలోకి దారం ఎక్కించబోతే వేళ్లు వణుకుతున్నాయి. పెళ్లిళ్ల సీజను, పని ఎక్కువైంది అనుకుంది. పిచ్చి మొహం, ఇంకేమనుకుంటుంది!

ఆదివారం మాధవరం చర్చిలో తెలుగు ఆరాధన. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లుంటే రమ్మన్నారు పాస్టరు అయ్యగారు.

ముత్తురాజ్ లేచాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి మైకు పట్టుకునేసరికి, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న జెబకు ఎంత ముచ్చటేసిందో. కొంగు నెత్తిమీదికి సర్దుకుంది.

"మా ఇంటామెకు చిన్నప్పట్నుంచీ ఫిట్సు. బిడ్డ కావాలని నేను ప్రార్థన పెట్టుకుని, ఆ మాత్ర ఆపేసినాను. ఆమెకు తెలీదు. కాల్షియం మాత్ర ఇస్తా వచ్చినా. నిన్నటికి పన్నెండు దినాలు. ఒక్క ఫిట్టు రాలా. ప్రభువుకే స్తోత్రం."

హాలంతా స్తోత్రం అంది. పక్కనున్న పెద్దామె, అదృష్టవంతురాలివమ్మా అని జెబ వీపు నిమిరింది.

అయ్యగారు మాత్రం స్తోత్రం అనలేదు. మందు ఆపమని నీకెవరు చెప్పారయ్యా అని మెల్లగా అడిగారు. ఆయన ముఖం చూడకుండా ముత్తురాజ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.



పన్నెండు రోజులు. పన్నెండు సార్లూ అతను "మింగినావా" అని అడిగాడు. పన్నెండు సార్లూ ఆమె నోరు తెరిచి చూపించింది.

లేచి, చాపల మధ్య నుంచి మైకు దాకా నడిచింది. ఈమె కూడా సాక్ష్యం చెప్పబోతుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"నా మాత్రలు యాడ పెట్టినావు మామా?"

మైకులో ఆ మాట వీధి దాకా వినబడింది.

"పారేసినా."

జెబ చెప్పులైనా వేసుకోకుండా ఆస్పత్రికని రోడ్డెక్కింది. అయ్యగారి భార్య పరుగున వచ్చి ఆటో ఆపి, జెబను పట్టుకుని లోపల కూర్చుంది. ముత్తురాజ్ వచ్చి డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు.

బస్టాండు దాటేవరకే జెబకు గుర్తుంది.

కళ్లు తెరిస్తే ఆస్పత్రి మంచం. నోట్లో నెత్తురు రుచి. పళ్ల కింద పడి నాలుక తెగింది.

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. ఈ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి మనిషే పోవచ్చని ముత్తురాజ్‌కి చిన్నపిల్లాడికి చెప్పినట్టు మళ్లీ చెప్పింది. రెండేళ్ల లెక్క ఇక ఇవాళ్టి నుంచి అంది.

ఇరవై రెండు ముళ్లు. జెబ గోడ వైపు తిరిగి పడుకుంది.

"బిడ్డ కోసమే కదా మే చేసినా." అన్నాడు ముత్తురాజ్. ఆ మాటలో అబద్ధం లేదు. ఆమెకు ఒళ్లు మండింది కూడా అందుకే.

"నన్నొక మాట అడగాల్సింది."



మర్నాడు పొద్దున నర్సు ఫిట్స్ మాత్ర తెచ్చింది. అలవాటు చొప్పున ముత్తురాజ్ చెయ్యి చాచి అందుకున్నాడు. అలవాటు చొప్పునే వచ్చి జెబ ముందు నిలబడ్డాడు, అరచేతిలో మాత్ర, రెండో చేతిలో నీళ్ల గ్లాసు.

జెబ మాత్ర తీసుకుంది. పళ్ల మధ్య పెట్టి పటుక్కున కొరికింది.

తెగిన నాలుక మీద చేదు భగ్గుమంది.

అప్పుడు గ్లాసు అందుకుంది.