ఉప్పలా, నాచారమా

ఉప్పల్‌లో ఒక ఇల్లు, నాచారంలో ఒక ఇల్లు చూసొచ్చి భార్యాభర్తలిద్దరూ చాయ్ బండి దగ్గర ఆగారు.

"ఉప్పల్‌దే మంచిగుంది. మెట్రో పక్కనే. నీ దమ్ము రోగానికి గూడ మంచిది, గాలి బాగ ఆడుతది," అన్నాడు గోవర్ధన్.

"కిరాయి మస్తుంది గద. నాచారంది అండ్ల సగమే," అంది స్వర్ణలత.

"గందుకే నాచారంది గూడ సూసినం."

"పైన రేకులు. వంటింటికి కిటికీ లేదు. ఎండకాలం ఎట్ల పండుకునుడు?"

"కూలర్ పెడితే నడుస్తది."

ఆమె చేతిలో చాయ్ చల్లారిపోతోంది.

ఇళ్లు చూపించిన బ్రోకర్ ఫోన్ చేశాడు. గోవర్ధన్ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, రెండిండ్ల ఏది ఖాయం జేసిన్రు?"

"రెండూ. ఉప్పల్‌ది ఆమె పేరు మీద రాయి, నాచారంది నా పేరు మీద. ఐతారం రెండు బండ్లు పంపు, సామాన్లు పంచుకున్నం."

"మరి పాలు ఎప్పుడు పొంగిస్తరన్నా?"

"ఉప్పల్‌ల ఐతారం పొద్దుగాల్నే పొంగిస్తది."

ఫోన్ పెట్టేశాక స్వర్ణలత గ్లాసు కింద పెట్టింది.

"మరి నాచారంల ఎవరు పొంగిస్తరు?" అంది.